భాగం – 9: అక్వేరియం చేప పిల్లల మేత – ఫిల్టరు నిర్వహణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 చేప పిల్లల దశలు, నోటి పరిమాణం
9.3 మేత రకాలు
9.4 ఫిల్టరు పనిచేసే విధానం
9.5 మేత నుంచి అమోనియా: ఒక లెక్క
9.6 మేత వేసే పద్ధతి
9.7 ఫిల్టరును శుభ్రపరచడం
9.8 నూజివీడు ప్రాంతంలో తీసుకోవలసిన జాగ్రత్తలు
9.9 సారాంశం
9.10 పదకోశం
9.11 'మీ ప్రగతిని సరిచూసుకోండి' – సమాధానాలు
9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• చేప పిల్ల వయసును, నోటి పరిమాణాన్ని బట్టి తగిన మేతను ఎంపిక చేయగలుగుతారు.
• ఇన్ఫ్యూసోరియా, ఆర్టీమియా, మొయినా వంటి సజీవ మేతలను ఇంటి వద్ద తయారుచేసే పద్ధతిని వివరించగలుగుతారు.
• వేసిన మేతకు, నీటిలో ఏర్పడే అమోనియాకు గల సంబంధాన్ని లెక్కించగలుగుతారు.
• ఫిల్టరులోని బాక్టీరియా చనిపోకుండా మురికిని మాత్రమే తొలగించే విధానాన్ని తెలుసుకుంటారు.

9.1 పరిచయం

నూజివీడు అనగానే మనకు మామిడి గుర్తుకు వస్తుంది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లో చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు రకాల తోటలు విస్తారంగా ఉన్నాయి. ఇక్కడికి ఆగ్నేయంగా కొల్లేరు పరిసరాల్లో, ముఖ్యంగా కైకలూరు ప్రాంతంలో చేపల చెరువుల సాగు ప్రధాన వృత్తి. మామిడి ఆదాయం ఏడాదిలో రెండు మూడు నెలలకే పరిమితం. మిగిలిన కాలంలో ఇంటి పెరట్లో చేసుకోగల పనుల్లో అలంకార చేపల పెంపకం ఒకటి. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్లకు కూడా సహాయం ఉంది. యూనిట్ వ్యయంలో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం వరకు రాయితీ లభిస్తుంది.

ఈ పనిలో లాభనష్టాలను నిర్ణయించేది పిల్లలు పుట్టిన మొదటి రెండు మూడు వారాలు. ఈ దశలో పిల్లలు చనిపోవడానికి రెండు కారణాలు ముఖ్యమైనవి. ఒకటి, నోట పట్టే మేత దొరకక ఆకలితో చనిపోవడం. రెండోది, ఆకలితో చనిపోతాయన్న భయంతో ఎక్కువ మేత వేయగా అది కుళ్ళి నీరు పాడవడం. ఈ రెండు కారణాలు ఒకదానికొకటి వ్యతిరేకమైనవి. మొదటిదాన్ని తప్పించబోయి రెండోదానిలో పడటం తరచుగా జరుగుతుంది.

చేపల చెరువులో మేత వేసే అలవాటు ఉన్నవారు కూడా ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. చెరువులో మిగిలిన మేత ఎరువుగా మారి ప్లవకాలకు ఉపయోగపడుతుంది. ఎకరం చెరువులో లక్షల లీటర్ల నీరు ఉంటుంది. 40 లీటర్ల గాజు తొట్టెలో ఆ వెసులుబాటు లేదు. అందులో మిగిలిన ప్రతి మేత కణం భారాన్ని ఫిల్టరే మోయాలి. కాబట్టి మేత వేయడాన్ని, ఫిల్టరు నిర్వహణను రెండు వేరు వేరు పనులుగా కాక ఒకే పనిగా చూడాలని ఈ భాగం వివరిస్తుంది.

9.2 చేప పిల్లల దశలు, నోటి పరిమాణం

అలంకార చేపలను పునరుత్పత్తి విధానాన్ని బట్టి రెండు రకాలుగా విభజించవచ్చు.

అ) శిశూత్పాదక చేపలు: గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ ఈ రకానికి చెందినవి. ఇవి నేరుగా పిల్లలను కంటాయి. గప్పీ పిల్ల పుట్టినప్పుడే 6 మిల్లీమీటర్లకు పైగా పొడవు ఉండి వెంటనే ఈదగలుగుతుంది. అప్పుడే పొదిగిన ఆర్టీమియాను, మెత్తగా నూరిన పొడి మేతను మొదటి రోజు నుంచే తింటుంది. తల్లి చేపలు తమ పిల్లలనే తినేస్తాయి కనుక పిల్లలను వేరు చేయాలి.

ఆ) అండోత్పాదక చేపలు: గోల్డ్‌ఫిష్, జీబ్రా చేప, గౌరామి, ఫైటర్ చేప ఈ రకానివి. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పొట్టకింద సొన సంచి ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు పిల్ల ఆ సొనతోనే జీవిస్తుంది. ఆకులకో, గాజుకో అతుక్కుని కదలకుండా ఉంటుంది. ఈ దశలో మేత వేయకూడదు. వేసినా తినదు, నీరు మాత్రం పాడవుతుంది. పిల్లలు అడ్డంగా, స్వేచ్ఛగా ఈదడం మొదలుపెట్టిన రోజే మేతకు మొదటి రోజు.

గౌరామి, ఫైటర్ చేపల పిల్లలు మూడు మిల్లీమీటర్ల పరిమాణంలోనే ఉంటాయి. వీటి నోటికి ఆర్టీమియా కూడా పెద్దదే. అందువల్ల తొలి రోజుల్లో ఇన్ఫ్యూసోరియాను, తరువాత ఆర్టీమియాను ఇవ్వాలి. పిల్ల కంటి వ్యాసం కన్నా పెద్దదైన మేతను మింగలేదని స్థూలంగా గుర్తుంచుకోవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. సొన సంచి ఉన్న పిల్లలకు మేత ఎందుకు వేయకూడదు?
2. గప్పీ, గౌరామి పిల్లల తొలి మేతలో తేడా ఏమిటి?

9.3 మేత రకాలు

9.3.1 ఇన్ఫ్యూసోరియా

నిలవ నీటిలో పెరిగే పారమీషియం వంటి సూక్ష్మజీవులను ఇన్ఫ్యూసోరియా అంటారు. వీటి తయారీకి ఎండిన వరిగడ్డి లేదా ఎండిన అరటి ఆకు ముక్కలు చాలు. వెడల్పు మూతి సీసాలో అక్వేరియం నీరు పోసి, గుప్పెడు గడ్డి వేసి, పలుచని గుడ్డ కట్టి, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో బాక్టీరియా పెరిగి నీరు పాలలా మసకబారుతుంది. తరువాత సూక్ష్మజీవులు ఆ బాక్టీరియాను తినడంతో నీరు తేటపడి లేత పసుపు రంగుకు వస్తుంది. అప్పుడే మేతగా వాడాలి. మసక దశలో వాడితే తొట్టెలోకి పంపేది మేత కాదు, బాక్టీరియా మాత్రమే. దుర్వాసన వచ్చే సీసాను పారబోయాలి. మూడు రోజుల తేడాతో రెండు మూడు సీసాలు మొదలుపెడితే మేత కొరత రాదు.

9.3.2 ఆర్టీమియా

ఆర్టీమియా ఉప్పు సరస్సుల్లో జీవించే చిన్న క్రస్టేషియా జీవి. దీని గుడ్లు ఎండిపోయి, ఏళ్ల తరబడి నిద్రాణ స్థితిలో ఉండగలవు. ఉప్పు నీటిలో వేస్తే ఒక రోజులో పిల్లలు వస్తాయి. 1930వ దశకం నుంచి చేప పిల్లలకు మేతగా ఇది వాడుకలోకి వచ్చింది. కొత్తగా పొదిగిన ఆర్టీమియా పిల్ల పరిమాణం సుమారు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు.

పొదిగించే పద్ధతి: ఒక లీటరు నీటిలో 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. అడుగు కోసి తలక్రిందులుగా నిలబెట్టిన కూల్‌డ్రింక్ సీసా ఇందుకు సరిపోతుంది. రెండు గ్రాములకు మించకుండా గుడ్లు వేసి, అడుగు నుంచి గాలి బుడగలు వచ్చేలా ఎయిర్ పంప్ గొట్టం అమర్చాలి. వెలుతురు ఉండాలి. నీటి ఉష్ణోగ్రత 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే 24 గంటల్లో పిల్లలు వస్తాయి. 33 డిగ్రీలు దాటితే గుడ్లు దెబ్బతిని పొదిగే శాతం పడిపోతుంది. వేసవిలో సీసాను ఇంటిలో చల్లని మూల ఉంచడం అవసరం.

పిల్లలు వచ్చిన తరువాత గాలి ఆపి పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఖాళీ పెంకులు పైకి తేలుతాయి. పొదగని గుడ్లు అడుగుకు చేరుతాయి. నారింజ రంగులో కదిలే పిల్లలు వెలుతురు వైపు చేరుతాయి. వాటిని మాత్రమే సన్నని గొట్టంతో తీసి, నేత దగ్గరగా ఉన్న గుడ్డలో వడకట్టి, మంచినీటితో కడిగి తొట్టెలో వేయాలి. పెంకులను వేరుచేయకపోతే రెండు నష్టాలు కలుగుతాయి: పిల్లల పేగుల్లో అడ్డుపడవచ్చు, ఫిల్టరు స్పాంజి రంధ్రాల్లో ఇరుక్కుని పూడుకుపోతుంది.

మంచినీటిలో ఆర్టీమియా కొన్ని గంటలు మాత్రమే బతుకుతుంది. అందువల్ల ఒకేసారి ఎక్కువ వేయడం వల్ల లాభం లేదు. అది చనిపోయాక మిగిలిన మేతలాగే కుళ్ళుతుంది.

9.3.3 మొయినా

మొయినా మంచినీటిలో పెరిగే జంతుప్లవకం. మన చేపల చెరువుల్లో సహజంగా ఉంటుంది. దీని పిల్లలు ఆర్టీమియా పిల్లలంత పరిమాణంలో ఉంటాయి. మంచినీటి జీవి కనుక తినబడేవరకు తొట్టెలో సజీవంగా ఉంటుంది. ఇది దీని ముఖ్య లాభం. పెరట్లో సిమెంటు తొట్టెలోనో ప్లాస్టిక్ టబ్బులోనో ఆకుపచ్చని నీటిలో పెంచవచ్చు. చెరువు నుంచి నేరుగా పట్టి తెచ్చిన మొయినాతో పాటు తూనీగ పిల్ల పురుగులు, పరాన్నజీవులు కూడా రావచ్చు. కాబట్టి విడిగా పెంచుకున్నదే మంచిది.

9.3.4 పొడి మేత, గుడ్డు సొన

పొడి మేతను మెత్తగా నూరి, సన్నని గుడ్డలో జల్లించి వాడాలి. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనను గుడ్డలో పిండి వాడే అలవాటు కూడా ఉంది. వేరే మేత దొరకనప్పుడు ఇది పనికివస్తుంది కాని, అన్ని మేతల్లోకి నీటిని త్వరగా పాడుచేసేది ఇదే. ఒక్క చుక్క, రెండు చుక్కలతో ఆపాలి. ఆ రోజే అడుగు నీటిని సైఫన్ చేసి తీసివేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. ఇన్ఫ్యూసోరియా సీసా వాడకానికి సిద్ధమైందని ఎలా గుర్తిస్తారు?
4. మంచినీటి తొట్టెలో ఆర్టీమియా కన్నా మొయినాకు ఉన్న లాభం ఏమిటి?

9.4 ఫిల్టరు పనిచేసే విధానం

ఫిల్టరు రెండు పనులు చేస్తుంది.

అ) యాంత్రిక వడపోత: తేలే మురికిని స్పాంజి రంధ్రాల్లో పట్టి ఉంచుతుంది. ఇది కంటికి కనిపించే పని.

ఆ) జీవసంబంధ వడపోత: స్పాంజి ఉపరితలంపై పెరిగిన బాక్టీరియా పొర అమోనియాను మార్పు చెందిస్తుంది. ఇది కంటికి కనిపించని పని. పిల్లల ప్రాణాలు ఆధారపడేది దీనిపైనే.

చేపలు విసర్జించిన, మేత కుళ్ళగా వచ్చిన అమోనియాను ఒక వర్గం బాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది. మరో వర్గం నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. ఈ ప్రక్రియను నత్రీకరణం అంటారు. రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో ఈ బాక్టీరియాను వేరుచేసి చూపాడు. అక్వేరియంలలో రెండో దశను నిర్వహించేది ప్రధానంగా నైట్రోస్పైరా అని 1998లో వెల్లడైంది. రెండు దశలనూ ఒకే బాక్టీరియా పూర్తిచేయగలదని 2015లో తెలిసింది.

అమోనియా, నైట్రైటు రెండూ విషపూరితాలే. అమోనియా మొప్పలను దెబ్బతీస్తుంది. నైట్రైటు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తుంది. నైట్రేటు వీటికన్నా చాలా తక్కువ హానికరం. నీటిని మార్చడం ద్వారా దాన్ని తగ్గించవచ్చు.

ఈ బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. కొత్త తొట్టెలో తగినంతగా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందువల్ల పిల్లలు పుట్టిన రోజున కొత్త ఫిల్టరు కొని అమర్చితే అది నీటిని వడకడుతుందే కాని అమోనియాను తొలగించదు. పెద్ద చేపల తొట్టెలో ముందుగానే ఒక అదనపు స్పాంజి ఉంచి, నెల రోజుల తరువాత దాన్ని పిల్లల తొట్టెకు మార్చడం సులభమైన మార్గం.

పిల్లల తొట్టెకు ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజి ఫిల్టరు తగినది. దీని పీల్చే వేగం తక్కువ కనుక పిల్లలు లోపలికి లాగబడవు. పైగా స్పాంజి మీద పెరిగే సూక్ష్మజీవులను పిల్లలు మేస్తూ ఉంటాయి. మోటారు ఫిల్టరు తప్పనిసరి అయితే, పీల్చే గొట్టానికి స్పాంజి తొడుగు వేయాలి.

9.5 మేత నుంచి అమోనియా: ఒక లెక్క

మేతలోని మాంసకృత్తుల నుంచే అమోనియా వస్తుంది. మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. చేపల పెంపకంలో సాధారణంగా వాడే అంచనా సూత్రం ఇది:

అమోనియా నత్రజని = మేత బరువు × మాంసకృత్తుల భాగం × 0.092

ఉదాహరణ: 40 లీటర్ల తొట్టెలో 100 గప్పీ పిల్లలు ఉన్నాయనుకుందాం. అప్పుడే పుట్టిన ఈ 100 పిల్లల మొత్తం బరువు ఒక గ్రాముకు మించదు. వాటికి ఒక రోజులో 40 శాతం మాంసకృత్తులున్న పొడి మేత ఒక గ్రాము వేశామనుకుందాం.

1 గ్రాము × 0.40 × 0.092 = 0.037 గ్రాములు, అంటే 37 మిల్లీగ్రాములు.
37 ÷ 40 = లీటరుకు 0.92 మిల్లీగ్రాములు.

ఈ మేతను పిల్లలు తినకుండా అంతా కుళ్ళిపోతే నత్రజని మొత్తం, అంటే 64 మిల్లీగ్రాములు విడుదల కావచ్చు. అప్పుడు లీటరుకు 1.6 మిల్లీగ్రాములు అవుతుంది.

ఈ అమోనియా అంతా ఒకే విధంగా హాని చేయదు. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది: అంతగా హాని చేయని అమోనియం అయాను, విషపూరితమైన అయనీకరణం చెందని అమోనియా. వీటి నిష్పత్తి పి.హెచ్., ఉష్ణోగ్రతలపై ఆధారపడుతుంది. నీరు 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పుడు విషరూపం వాటా సుమారుగా ఇలా ఉంటుంది:

• పి.హెచ్. 7.0 వద్ద – 0.8 శాతం
• పి.హెచ్. 8.0 వద్ద – 7.5 శాతం
• పి.హెచ్. 8.5 వద్ద – 20 శాతం

పి.హెచ్. 8.0 ఉన్న నీటిలో 0.92 మిల్లీగ్రాములకు విషరూపం 0.069 మిల్లీగ్రాములు. లీటరుకు 0.02 మిల్లీగ్రాములు దాటకుండా చూడటం సురక్షితమని సాధారణంగా భావిస్తారు. అంటే ఫిల్టరు పనిచేయని తొట్టెలో ఒక్క రోజు మేతతోనే ఈ పరిమితికి మూడు రెట్లు దాటాం.

ఇప్పుడు అదే తొట్టెలో పిల్లల బరువులో 20 శాతం, అంటే 0.2 గ్రాముల మేత వేశామనుకుందాం. అమోనియా నత్రజని 7.4 మిల్లీగ్రాములు, లీటరుకు 0.18 మిల్లీగ్రాములు. విషరూపం 0.014 మిల్లీగ్రాములు మాత్రమే. ఇది పరిమితిలోపే ఉంది. పిల్లల ఆకలి తీరడానికి 0.2 గ్రాములు చాలు. మిగిలిన 0.8 గ్రాములు పిల్లలను పెంచలేదు, నీటిని మాత్రం పాడుచేశాయి.

మరో విషయం గమనించాలి. ఒక గ్రాము అమోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి బాక్టీరియాకు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 37 మిల్లీగ్రాములకు సుమారు 169 మిల్లీగ్రాములు కావాలి. 30 డిగ్రీల వద్ద లీటరు నీటిలో గరిష్ఠంగా సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. 40 లీటర్లకు 300 మిల్లీగ్రాములు. అంటే ఆ ఒక గ్రాము మేత తొట్టెలోని ఆక్సిజన్‌లో సగానికి పైగా కోరుతుంది. ఎయిర్ పంప్ ఆ లోటును నిరంతరం పూరిస్తూ ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
5. 20 లీటర్ల తొట్టెలో 45 శాతం మాంసకృత్తులున్న మేత 0.5 గ్రాములు వేస్తే లీటరుకు ఎంత అమోనియా నత్రజని వస్తుంది?
6. పి.హెచ్. 7.0 నీటికన్నా 8.5 నీటిలో అధిక మేత ఎందుకు ఎక్కువ ప్రమాదకరం?

9.6 మేత వేసే పద్ధతి

పిల్లల పొట్ట చిన్నది, పెరుగుదల వేగం ఎక్కువ. కాబట్టి రోజుకు ఒకసారి ఎక్కువగా వేయడం కన్నా నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా వేయాలి. ఈ కింది క్రమాన్ని పాటించాలి.

1. మేతకు ముందు అడుగును చూడాలి. గత పూట మేత మిగిలి ఉంటే ముందు దాన్ని తీయాలి. ఆ పూట మేత తగ్గించాలి.
2. ఎయిర్ పంప్‌ను పది నిమిషాలు ఆపాలి. గాలి ప్రవాహంలో మేత కొట్టుకుపోయి స్పాంజికి అంటుకోకుండా ఇది కాపాడుతుంది. తిరిగి ఆన్ చేయడం మరిచిపోకుండా ఫోనులో అలారం పెట్టుకోవడం మంచిది.
3. పొడి మేతను వేళ్ళతో చల్లకూడదు. తడిపిన అగ్గిపుల్ల కొనకు అంటినంత మేతతో మొదలుపెట్టి, అది తిన్న తరువాతే మరికొంత వేయాలి. ఎప్పుడూ ఒకే మూల వేస్తే పిల్లలు అక్కడికి చేరడం అలవాటు చేసుకుంటాయి.
4. అయిదు నిమిషాల్లో తినలేనిది ఎక్కువ మేతే.
5. పొట్టలను చూడాలి. ఆర్టీమియా తిన్న పిల్లల పొట్ట గుండ్రంగా, నారింజ రంగులో కనిపిస్తుంది. పొట్ట లోపలికి పోయి, తల పెద్దదిగా కనిపిస్తే మేత చాలడం లేదని అర్థం.
6. సాయంత్రం చివరి మేత అయిన అరగంటకు అడుగును సన్నని ఎయిర్ పంప్ గొట్టంతో సైఫన్ చేయాలి. నీటిని తెల్లని బకెట్‌లోకి తీయాలి. పొరపాటున వచ్చిన పిల్లలు తెలుపుపై స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని చెంచాతో తిరిగి తొట్టెలోకి చేర్చాలి.
7. తీసిన నీటికి బదులు అదే ఉష్ణోగ్రత గల నీటిని నెమ్మదిగా పోయాలి. రోజుకు 10 నుంచి 20 శాతం నీటిని మార్చడం సరిపోతుంది. మునిసిపల్ కుళాయి నీటిని 24 గంటలు మూత లేకుండా ఉంచి, క్లోరిన్ పోయిన తరువాతే వాడాలి.

9.7 ఫిల్టరును శుభ్రపరచడం

శుభ్రమైన ఫిల్టరు అంటే తెల్లగా మెరిసే ఫిల్టరు కాదు. మురికి పోయి, బాక్టీరియా పొర మిగిలిన ఫిల్టరు. గోధుమ రంగు స్పాంజిని సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెట్టి, కొత్తదానిలా తిరిగి పెట్టడం చూడటానికి బాగుంటుంది. కాని ఆ తొట్టెకు అప్పటి నుంచి జీవసంబంధ వడపోత ఉండదు. రెండు మూడు రోజుల్లో పిల్లలు పైకి వచ్చి నోరు తెరిచి గాలి కోసం ఆరాటపడతాయి. అప్పుడు మేతలో దోషమనో, వ్యాధి అనో అనుకుంటాం.

అలాగని ఎప్పుడూ కడగకుండా ఉంచినా హాని జరుగుతుంది. స్పాంజిలో పట్టుకున్న మేత నీటి నుంచి బయటికి పోలేదు, అక్కడే కుళ్ళుతుంది. రంధ్రాలు పూడుకుపోతే లోపలి బాక్టీరియాకు ఆక్సిజన్ అందదు.

శుభ్రం చేయవలసిన సమయాన్ని తెలిపే గుర్తులు: పైకి వచ్చే బుడగలతో పాటు నీటి ప్రవాహం తగ్గడం, స్పాంజి తాకగానే మురికి మేఘంలా లేవడం, స్పాంజి వద్ద దుర్వాసన. పిల్లల తొట్టెలో సాధారణంగా వారానికి ఒకసారి అవసరమవుతుంది.

పద్ధతి:
1. తొట్టె నుంచి సైఫన్ చేసిన నీటిని పారబోయకుండా బకెట్‌లో ఉంచాలి.
2. స్పాంజిపై ఉన్న పిల్లలను నెమ్మదిగా కదిలించి వెళ్ళగొట్టాలి. స్పాంజి చుట్టూ ప్లాస్టిక్ సంచి పట్టి పైకి తీస్తే మురికి తొట్టెలో కలవదు.
3. బకెట్ నీటిలో స్పాంజిని రెండు మూడు సార్లు పిండాలి. నీరు తేటగా వచ్చేదాకా పిండనవసరం లేదు.
4. వెంటనే తొట్టెలో పెట్టి గాలి ఆన్ చేయాలి.
5. కుళాయి నీరు, వేడి నీరు, సబ్బు, బ్లీచింగ్ పౌడరు వాడకూడదు. ఎండలో ఆరబెట్టకూడదు.

రెండు స్పాంజిలున్న ఫిల్టరు వాడటం అన్నింటికన్నా మంచిది. ఒక వారం ఒకదాన్ని, మరో వారం రెండోదాన్ని కడిగితే ఒకటి ఎప్పుడూ పూర్తి శక్తితో పనిచేస్తూ ఉంటుంది. కడిగిన రోజు మేతను సగానికి తగ్గించాలి.

తొట్టెను శుభ్రంగా ఉంచుతుందని సకర్ చేపను పిల్లల తొట్టెలో వేయకూడదు. అది గాజుపై నాచును గీకుతుంది, కాని తాను తిన్నదాన్ని విసర్జిస్తుంది కనుక ఫిల్టరుపై భారం పెరుగుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 4
7. స్పాంజిని తొట్టె నీటిలోనే ఎందుకు పిండాలి?
8. రెండు స్పాంజిలను ఒకే రోజు కడగడం వల్ల కలిగే నష్టం ఏమిటి?

9.8 నూజివీడు ప్రాంతంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

9.8.1 మామిడి తోటల్లో మందు చల్లే కాలం

మామిడి పూత సమయంలో తేనెమంచు పురుగు నివారణకు ఇమిడాక్లోప్రిడ్, లాంబ్డా సైహలోత్రిన్ వంటి మందులను, బూడిద తెగులుకు శిలీంద్రనాశినులను చల్లుతారు. సైహలోత్రిన్ వంటి పైరిత్రాయిడ్ మందులు చేపలకు, మొయినా, ఆర్టీమియా వంటి జీవులకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. కీటకాలపై పనిచేసే మందు వాటి దగ్గరి బంధువులైన క్రస్టేషియా జీవులపై కూడా పనిచేయడం సహజం. ఎయిర్ పంప్ గదిలోని గాలినే తొట్టెలోకి పంపుతుందని కూడా గుర్తుంచుకోవాలి. కాబట్టి:

• తోట పక్కనున్న పెరటి మొయినా టబ్బులపై మందు చల్లే రోజుల్లో మూత వేయాలి. ఎయిర్ పంప్‌ను ఇంటి లోపల ఉంచాలి.
• మందు కలిపిన బకెట్లు, మగ్గులు, గొట్టాలను ఎంత కడిగినా చేపల పనికి వాడకూడదు.
• మందు చల్లి వచ్చినవారు స్నానం చేయకుండా తొట్టెలో చేతులు పెట్టకూడదు.
• మందు చల్లిన తోటలోని అరటి ఆకులను, గడ్డిని ఇన్ఫ్యూసోరియాకు వాడకూడదు. తోటలోని నీటి గుంట నీటిని తొట్టెకు పోయకూడదు.
• ఒక్క రోజులో మొయినా టబ్బు మొత్తం చనిపోతే ఆ నీటిని చేప పిల్లలకు ఇవ్వకూడదు. మొయినా ఇక్కడ ముందస్తు హెచ్చరికగా పనిచేస్తుంది.

9.8.2 వేసవి, కరెంటు కోత

కాయ కోతకు వచ్చే కాలమే ఎండలు ముదిరే కాలం. నీరు వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, అమోనియా విషరూపం వాటా పెరుగుతుంది, మేత త్వరగా కుళ్ళుతుంది. మూడూ ఒకేసారి జరుగుతాయి. కరెంటు పోయినప్పుడు మొదట చేయవలసిన పని మేత ఆపడం. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఒకటి రెండు పూటలు మేత లేకపోయినా తట్టుకుంటాయి, ఆక్సిజన్ లేకుండా తట్టుకోలేవు. మగ్గుతో నీటిని తీసి నెమ్మదిగా ఎత్తు నుంచి పోస్తూ ఉండటం, బాటరీతో నడిచే ఎయిర్ పంప్ వాడటం ఉపయోగకరం. మూసి ఉన్న డబ్బా ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే లోపలి నీరు కుళ్ళుతుంది. దాన్ని కడగకుండా తిరిగి ఆన్ చేయకూడదు. తొట్టెలోనే ఉండే స్పాంజికి ఈ ప్రమాదం తక్కువ.

9.8.3 పిల్లలను చెరువులో వదలరాదు

పిల్లలు ఎక్కువైనప్పుడు ఊరి చెరువులోనో, వాగులోనో వదలడం మంచిపని అని కొందరు భావిస్తారు. ఈ ప్రాంతపు వాన నీరు రామిలేరు, తమ్మిలేరు వంటి వాగుల ద్వారా కొల్లేరుకు చేరుతుంది. కొల్లేరు 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. దక్షిణ అమెరికాకు చెందిన సకర్ చేప అక్వేరియంల నుంచి బయటపడి మన రాష్ట్ర జలాశయాల్లో పెరుగుతూ, స్థానిక చేపలకు, మత్స్యకారుల వలలకు నష్టం కలిగిస్తోంది. సైఫన్ చేసిన నీటిని కూడా కాలువలో పోయకుండా చెట్టు మొదట్లో పోయాలి. అందులో నైట్రేటు ఉంటుంది కనుక మొక్కకు ఎరువుగా ఉపయోగపడుతుంది.

9.9 సారాంశం

చేప పిల్లలకు నోటి పరిమాణానికి తగిన మేతను కొద్దికొద్దిగా, ఎక్కువ సార్లు ఇవ్వాలి. సొన సంచి ఉన్నంతవరకు మేత అవసరం లేదు. తరువాత ఇన్ఫ్యూసోరియా, ఆర్టీమియా, మొయినా, నూరిన పొడి మేత వరుసగా ఉపయోగపడతాయి. మేతలోని మాంసకృత్తులు అమోనియాగా మారతాయి. ఫిల్టరులోని బాక్టీరియా దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. నీటి పి.హెచ్., ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ అమోనియా ప్రమాదం పెరుగుతుంది. ఫిల్టరు స్పాంజిని తొట్టె నీటిలోనే పిండి మురికిని తీయాలి, బాక్టీరియాను కాపాడాలి. ఫిల్టరును శుభ్రంగా ఉంచడం స్పాంజి కడగడంతో కాక, మేత వేసే చేతితోనే మొదలవుతుంది.

9.10 పదకోశం

ఇన్ఫ్యూసోరియా: నిలవ నీటిలో పెరిగే, చేప పిల్లలకు తొలి మేతగా పనికివచ్చే సూక్ష్మజీవులు.
సొన సంచి: గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పొట్టకింద ఉండే ఆహార నిల్వ.
నత్రీకరణం: బాక్టీరియా అమోనియాను నైట్రైటుగా, నైట్రేటుగా మార్చే ప్రక్రియ.
జంతుప్లవకం: నీటిలో తేలుతూ జీవించే చిన్న జంతువు.
సైఫన్: ఎత్తులో ఉన్న నీటిని గొట్టం ద్వారా పల్లానికి తీసే పద్ధతి.

9.11 'మీ ప్రగతిని సరిచూసుకోండి' – సమాధానాలు

1. పిల్ల సొనతోనే జీవిస్తుంది. వేసిన మేత తినబడక కుళ్ళుతుంది.
2. గప్పీ పిల్ల మొదటి రోజే ఆర్టీమియా తింటుంది. గౌరామి పిల్లకు ముందు ఇన్ఫ్యూసోరియా కావాలి.
3. మసక తొలగి, నీరు తేటపడి లేత పసుపు రంగుకు వస్తుంది. దుర్వాసన ఉండదు.
4. మొయినా తినబడేవరకు సజీవంగా ఉంటుంది కనుక త్వరగా కుళ్ళదు.
5. 0.5 × 0.45 × 0.092 = 0.0207 గ్రాములు, అంటే 20.7 మిల్లీగ్రాములు. 20 లీటర్లకు భాగిస్తే లీటరుకు సుమారు 1.04 మిల్లీగ్రాములు.
6. పి.హెచ్. పెరిగిన కొద్దీ అయనీకరణం చెందని విషరూపం వాటా పెరుగుతుంది.
7. కుళాయి నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. తొట్టె నీటిలో ఆ ప్రమాదం లేదు.
8. బాక్టీరియా రెండింటిలోనూ ఒకేసారి తగ్గి, అమోనియా పెరిగే ప్రమాదం ఉంది.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. చేప పిల్లలకు ఇచ్చే సజీవ మేతలను, వాటి తయారీ పద్ధతులను వివరించండి.
2. అధిక మేత వల్ల తొట్టె నీటిలో కలిగే మార్పులను ఒక లెక్కతో సహా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. స్పాంజి ఫిల్టరును శుభ్రపరచే క్రమాన్ని రాయండి.
2. మామిడి తోటల ప్రాంతంలో అలంకార చేపలను పెంచేవారు పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?
3. కరెంటు కోత సమయంలో మేత ఎందుకు ఆపాలి?